ఆయిల్లో గరుకు

ధర్మవరం రైల్వే గేటు దగ్గర ఆ కారు ఇంజను మొదటిసారి దానంతటది ఆగిపోయినప్పుడు డ్రైవరు ఓబుళేసు బ్రేకు మీది కాలు తీయలేదు. ముందు గేటు, వెనక లారీ, పక్క సీట్లో షావుకారు ఉదయ్ కుమార్. చప్పుడు లేదు. స్టీరింగు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. అదురు లేదు. షావుకారి కొత్త బండిని తొలిరోజే చంపేశాననుకున్నాడు.

"ఏం కాలేదప్పా, భయపడొద్దు," అన్నాడు ఉదయ్ కుమార్. "ఇది పెట్రోలుతోనూ పోతాది, బ్యాటరీతోనూ పోతాది. నిలబడితే ఇంజను పండుకుంటాది. కావాల్సినప్పుడు అదే లేస్తాది."

అదే లేస్తాది అన్న మాట విని ఓబుళేసుకు అన్న చెయ్యి గుర్తొచ్చింది.

అతని అన్న కదిరప్ప కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు తప్ప మరేమీ లేవు. పొలాల్లో మోటార్లకు ఆటో పెట్టెలు బిగించుకున్న కొత్తలో జరిగింది అది. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్లో బావి దగ్గర కాపలా కాయలేక అందరూ ఆ పెట్టె తగిలించుకున్నారు. కరెంటు రాగానే మోటారు తనంతట తాను తిరుగుతుంది, మనిషి అక్కర్లేదు. ఒక మధ్యాహ్నం కరెంటు లేదు. మోటారు బెల్టు జారి ఉంది. కదిరప్ప సర్దుదామని చెయ్యి పెట్టాడు. అప్పుడే కరెంటొచ్చింది. ఆ చేతిని తువ్వాలులో చుట్టి అన్నను బావి మెట్లెక్కించింది ఓబుళేసే. అప్పటినుంచి తిరిగే యంత్రమంటే అతనికి భయం లేదు. అది ఏం చేస్తోందో కంటికి కనబడుతుంది. ఆగి ఉన్నదాన్ని చూస్తేనే భయం.

ఉదయ్ కుమార్ ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి. ఎవరో జపాన్ నుంచి తెప్పించుకున్న ఆ కారును బెంగుళూరులో చూసి మోజుపడి కొన్నాడు. అతని ఇంటి నుంచి వచ్చే పట్టుతోనే ఓబుళేసు భార్య పుష్పావతి ఇంట్లో గుంతమగ్గం మీద చీరలు నేసేది. మొగుడి స్టీరింగు, పెండ్లాం మగ్గం, రెండూ ఒకే ఇంటి మీద ఆధారపడినవి.

కారు ఎక్కువగా తిరిగేది షావుకారి తల్లి నాగలక్ష్మమ్మ కోసం. భారీ మనిషి, ఎండను ఒక్క నిమిషం ఓర్చుకోలేదు. ముందు సీట్లో కూర్చుని, ఎదురుగా అద్దంలాంటి పలకలో కనిపించే బ్యాటరీ బొమ్మను చూడటం ఆమెకు కాలక్షేపం. బొమ్మలో గీతలుంటాయి. గేటు దగ్గర ఎక్కువసేపు ఆగి చల్లగాలి వేసుకుంటే గీతలు ఒక్కొక్కటే తగ్గుతాయి. నీలంగా ఉన్నవి చివర రెండు మిగిలినప్పుడు గులాబి రంగుకు తిరుగుతాయి. ఆ వెంటనే ఇంజను గుర్రుమని లేస్తుంది. లేచిన ప్రతిసారీ నాగలక్ష్మమ్మ ఉలిక్కిపడి, "కృష్ణా!" అని గుండె మీద చెయ్యి వేసుకునేది. తర్వాత నవ్వేది. ఓబుళేసుకు నవ్వొచ్చేది కాదు.

ఆ ఎండాకాలం ధర్మవరం నుంచి కొత్తచెరువు దాకా రోడ్డు తవ్వి పోశారు. వారానికి రెండుసార్లు ఆ దుమ్ములోనే ప్రయాణం. ఇంటికొచ్చి బానెట్టు ఎత్తితే ఇంజను మీద ఎర్రటి పొర. బెంగుళూరు వర్క్‌షాపువాళ్లు పదివేల కిలోమీటర్లకు ఒకసారి ఆయిలు మార్చాలని చెప్పి, డిక్కీలో ఒక డబ్బా పెట్టి పంపారు. పదివేలకు ఇంకా చాలా దూరముంది. అయినా అతనికి మనసు నిలవలేదు. డబ్బా తీసుకుని ట్రాక్టర్ మెకానిక్ తిప్పేష్ దగ్గరికి పోయాడు.

తిప్పేష్ మూత తీసి వేలు ముంచి చూశాడు.

"ఇదేం ఆయిలన్నా, నీళ్ల మజ్జిగ మాదిరి ఉండాది. మన ఎండకు ఇది ఇంజన్లో నిలుస్తాదా? చిక్కంది పొయ్యి. జీపులకు పోసేది."

"పలచందే పొయ్యమన్నారు."

"వాళ్లదేంది, చల్లని ఊరోళ్లు. చెప్తారు."

"అది కాదు తిప్పేష్. ఈ బండి మాటిమాటికి ఆగి లేస్తాది. లేసినప్పుడల్లా ఆయిలు పైదాకా ఎక్కాల. చిక్కందైతే అది ఎక్కేలోపల ఇనుమూ ఇనుమూ ఎండుగా రాసుకుంటాయి గదా."

తిప్పేష్ ఒప్పుకున్నట్టు తలాడించాడు. "సరే, పలచందే పొయ్యి. కానీ ఇప్పుడే ఎందుకు తొందర? బోరు లారీల్లో మనం కిలోమీటర్లు చూస్తామా? ఇంజను తిరిగిన గంటలు చూస్తాం. నీ బండి సగం దూరం ఇంజను పండుకునే పోతాది. ఆ లెక్కన పదివేలకు మార్చేది ఇరవైవేలకు మార్చినా ఏం కాదు."

"ఇంజను పండుకుంటే దుమ్ము కూడా పండుకుంటాదా?"

"ఆయిలు గురించి ఆలోచించినంత నీ పెండ్లాం గురించి ఆలోచించింటే ఈపాటికి ఆయమ్మకొక మంచి ఫ్యాను తెచ్చింటావు, పో!" అన్నాడు తిప్పేష్.

ఆయిలు మార్చాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి ఓబుళేసుకు ఒక పద్ధతి ఉండేది. ఇంజన్లో ఆయిలు ఎంతుందో చూసే గేజు కడ్డీకి అంటిన చుక్కను ఆముదం ఆకు మీద రాసి ఇంట్లోకి తీసుకుపోయేవాడు. అతని వేళ్లు డీజిలుకు, వేడి రేడియేటర్లకు మొద్దుబారిపోయాయి. పుష్పావతి వేళ్లు అట్లాంటివి కావు. పట్టుపోగులో వెంట్రుకంత ముడి ఉన్నా చూడకుండా పట్టుకునేవి. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నచోటే ఆమె ఆ చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, కళ్లు మూసుకుని చెప్పేది. "ఉండాది," అంటే గరుకు ఉందని. అప్పుడు మార్చాలి. "లేదు," అంటే ఇంకా తిప్పొచ్చు. జీపు తోలే రోజులనుంచీ ఇదే. ఆమె మాట ఒక్కసారీ తప్పలేదు. చెప్పాక పట్టుకు మరక తగలకూడదని కుంకుడు పులుసుతో చేతులు కడిగి, మళ్లీ కూర్చునేది.

నాగలక్ష్మమ్మకు బెంగుళూరులో కంటి ఆపరేషనని రోజు పెట్టారు. ఉదయ్ కుమార్ సరుకుతో చెన్నై పోయి ఉన్నాడు. ముందురోజు ఆమె కొత్తచెరువులో చెల్లెలిని చూసి వస్తుంటే, మధ్యాహ్నం దారిలోనే ఉన్న తన ఊళ్లో ఓబుళేసు బండి ఆపి, చుక్క ఆయిలు ఆకు మీద రాసుకుని లోపలికి పోయాడు.

పుష్పావతి రుద్దింది. మళ్లీ రుద్దింది. కళ్లు తెరిచింది.

"ఉండాది."

"ఎంత?"

"ఇసక మాదిరి కాదు. పసుపు జల్లించినాక మిగిలే పొడి ఉంటాది సూడు, అట్ల."

రేపు తెల్లవారగానే బయల్దేరాలి. పెనుకొండ దాటాక రోడ్డు పక్కన నీడ కూడా దొరకని చోట్లున్నాయి. అక్కడ ఇంజను పట్టేస్తే, ఎండలో ఆ పెద్దమనిషిని పెట్టుకుని ఏం చేయాలి?

"రేపు బెంగుళూరికే పోతాండావు గదా, ఆడ్నే మార్పించు," అంది పుష్పావతి.

"ఆడికి చేరితే గదా. ఇప్పుడే మార్చేస్తా. డబ్బా డిక్కీలోనే ఉండాది."

ఇంటి ముందర ట్రాక్టర్ల రిపేరుకని ఎప్పుడో తవ్విన గుంత ఒకటుంది. రెండు వైపులా బండలు పరిచి ఉన్నాయి. కారును మెల్లగా ఆ బండల మీదికి తెచ్చి నిలబెట్టాడు.

"అమ్మా, కొంచేపు దిగి ఇంట్లో కూర్చోండమ్మా. ఆయిలు మార్చేస్తా."

"మీ ఇంట్లో కరెంటుండాదా?"

"పోయిందమ్మా."

"అట్లయితే నేను దిగను పోరా. ఈ ఎండకు నేను మీ వాకిట్లోనే పోతే నా కొడుక్కి ఏం చెప్పుకుంటావు? ఈ చల్లగాలి బ్యాటరీది గదా. నీ ఆయిలుకు అదేం అడ్డం?"

ఆమె అన్నదాంట్లో అతనికి తప్పేమీ కనబడలేదు. బండి పార్కింగులో పెట్టి, చేతి బ్రేకు లాగాడు. ఇంజను ఒక్కసారి అదిరి ఆగింది. దిగి, బానెట్టు ఎత్తి, ఇంజను మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచాడు. వేడి తప్ప ఏమీ లేదు. పండుకుంది, అనుకున్నాడు. అయినా చెయ్యి తీయబుద్ధి కాలేదు.

పాత ఆయిలు దించుతున్నారని తెలిసి కదిరప్ప డబ్బా పట్టుకుని వచ్చాడు. కొట్టం గుంజలకు చెదలు పట్టాయి, పాత ఆయిలు పూస్తే పోతాయి. అతను ఏ యంత్రానికీ దగ్గరగా కూర్చోడు. దూరంగా చూరు నీడలో రోలు మీద కూర్చున్నాడు.

"తాళం తీసినావా?" అని అక్కడినుంచే అడిగాడు.

"దీనికి తిప్పే తాళం ఉండదన్నా. ఈ బిళ్ల జేబులో ఉంటే చాలు."

"మరి ఆగిందని ఎట్ల తెలుస్తాది?"

ఓబుళేసు పానా తీసుకుని గుంతలోకి దిగాడు.

పైన పుష్పావతి నిలబడింది. ఇంజను నెత్తిన ఆయిలు పోసే మూత తీసి పెడితే కింద ఆయిలు తొందరగా దిగుతుంది, అందుకని ఆమెను పిలిచాడు.

"ఎప్పుడూ నా గుంతలోకి నువ్వు తొంగి చూడవు గానీ, నీ గుంత కాడికి మాత్రం నేను రావాల," అంది ఆమె.

"నీ గుంతలో పట్టు, నా గుంతలో మడ్డి. నేనొస్తే నీ చీర ఏమైతాది?"

"అబ్బ, ఎంత ప్రేమ చీర మీద!"

బోల్టు వదులైంది. వేడి ఆయిలు నల్లగా, తాడులా బేసిన్లోకి దిగడం మొదలైంది. కాలిన వాసన వచ్చింది. ఓబుళేసు ఆ ధారనే చూస్తున్నాడు. దాంట్లో అతనికి ఏమీ కనబడలేదు, కానీ ఆమె ఉందంటే ఉన్నట్టే. బయట గాలి కూడా లేదు. కారు లోపల చల్లగాలి తిరుగుతున్న సన్నటి హోరు ఒక్కటే వినిపిస్తోంది. ఆ హోరు వింటుంటే అతనికి ఏదో మరిచిపోయినట్టు అనిపించింది. ఏమిటో తెలియలేదు. ధార సన్నబడటం మొదలైంది.

పైన టక్కుమని చప్పుడైంది.

"అయ్యో! మూత జారిపోయ," అంది పుష్పావతి.

"యాడ పడింది?"

"ఈ పక్కన. బెల్టు కాడ ఇరుక్కుండాది. కనపడతాండాది."

"ఉండు, నేనొచ్చి తీస్తా."

"నీ చెయ్యి ఈడ దూరదు. నాదే దూరతాది. నువ్వు గమ్మునుండు."

కింద నుంచి చూస్తే ఇంజనుకూ పక్క రేకుకూ మధ్య సన్నటి వెలుగు చీలిక. ఆ చీలికలో బెల్టు నల్లగా, చక్రం చుట్టూ బిగిసి, కదలకుండా ఉంది. వెలుగులోకి ఆమె వేళ్లు దిగాయి. తర్వాత మణికట్టు, ఎర్ర మట్టిగాజులు. పట్టు తప్ప మరేదీ ఎరగని ఆ సన్నని వేళ్లు బెల్టుకూ చక్రానికీ మధ్య మూతను వెతుక్కుంటున్నాయి. ఎందుకో అప్పటికింకా ఓబుళేసుకు తెలియదు. ఆ చెయ్యి అక్కడ ఉండకూడదు. అంతే తెలుసు.

కారు అద్దం కిందికి దిగిన చప్పుడు వచ్చింది.

"ఓబుళేసూ!" అంది నాగలక్ష్మమ్మ, లోపల కూర్చునే, కబురు చెప్పినట్టు. "రైలు గేటు కాడ మాదిరే గులాబి రంగొచ్చిందిరా. ఇంగ రెండే గీతలుండాయి. ఇప్పుడు లేస్తాది సూడు, నా గుండె పట్టుకోవాల."

అప్పుడు తెలిసింది. బావి గట్టు, జారిన బెల్టు, గోడకు వేలాడే ఆటో పెట్టె కళ్లముందుకు వచ్చాయి. ఈ బండి ఆగలేదు. కరెంటు పోయినప్పుడు ఆటోలో పెట్టిన మోటారు మాదిరి, ఎదురుచూస్తా ఉంది.

"చెయ్యి తియ్! పుష్పా, చెయ్యి తియ్యే!"

"ఉండబ్బా, అందింది. గాజు తగులుకుండాది, అంతే..."

గుంతలోంచి ఎక్కి, చుట్టూ తిరిగి, తలుపు తెరిచి, బండిని ఆర్పే బటన్ నొక్కాలి. అంత వ్యవధి లేదు. ఆ వేళ్లు అతని ముఖానికి మూరెడు ఎత్తులో ఉన్నాయి. చెయ్యెత్తి పట్టి తోద్దామన్నా అతని చెయ్యి ఆ సందులో పట్టదు. పానా పడుతుంది.

కింద నుంచి పైకి, ఉన్న బలమంతా పెట్టి, ఆ వేళ్ల మీద కొట్టాడు.

ఎముక మీద ఇనుము తగిలిన చప్పుడు వినిపించింది. పుష్పావతి కేక పెట్టింది. గాజులు పగిలి అతని ముఖం మీద రాలాయి. వెలుగు చీలికలోంచి చెయ్యి మాయమైంది.

ఇంజను లేచింది.

చీలికలో బెల్టు కనబడకుండా తిరిగింది. మూత ఎగిరొచ్చి అతని చెవి పక్కన గుంత గోడకు కొట్టుకుంది. నెత్తి మీద ఆయిలు చినుకులుగా చిమ్మింది. పైన ఇంజను, గొంతు ఎండిన మనిషి దగ్గుతున్నట్టు గరగరమంటోంది. "కృష్ణా!" అని కారులోంచి వినబడింది.

"అమ్మా, ఆ గుండ్రటి బటన్ నొక్కండి! నొక్కండమ్మా!"

నాగలక్ష్మమ్మ నొక్కలేదు. ఏదీ ముట్టుకోవద్దని కొడుకు చెప్పి ఉన్నాడు. రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని, ఎర్ర దీపం వెలుగుతున్న పలకను చూస్తూ బిగుసుకుపోయింది. ఓబుళేసు మోకాళ్లు గీరుకుంటూ గుంత ఎక్కి, తలుపు లాగి, ఆయిలు చేత్తోనే నొక్కాడు.

చప్పుడు ఆగింది. చల్లగాలి ఆగింది. పలక నల్లబడింది. అయినా ఎవరూ కదల్లేదు.

"ఇప్పుడు ఆగిందా?" అన్నాడు కదిరప్ప. "నిజంగా ఆగిందా?"

పుష్పావతి నేల మీద కూర్చుని ఉంది. చేతిని ఒడిలో పెట్టుకుని దానివంక చూడటం లేదు. చూడటానికి భయపడుతోందని ఓబుళేసుకు అర్థమైంది. తనూ చూడలేకపోయాడు. ఇంతకాలం ఏ యంత్రానికీ దగ్గరికి రాని కదిరప్పే లేచి వచ్చాడు. కారుకు ఆనుకునే కూర్చుని, ఆమె చేతిని తన రెండువేళ్ల చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క వేలూ మెల్లగా తాకుతూ పోయాడు. చూపుడువేలు గోరు చితికి నెత్తురు కారుతోంది. నడిమివేలు అప్పటికే ఉబ్బింది.

"అన్నీ ఉండాయి తల్లీ," అన్నాడు. "అన్నీ ఉండాయి."

అప్పుడు ఏడ్చింది పుష్పావతి.

"నేనేం చేస్తినిరా, అద్దం దించి మాట చెప్తిని, అంతే గదా," అని నాగలక్ష్మమ్మ కారు దిగి, ఎండలోనే నిలబడింది.

"మీరు చెప్పకపోయింటే నా చేతికీ ఈయమ్మ చేతికీ తేడా ఉండేది కాదమ్మా," అన్నాడు కదిరప్ప.

ఓబుళేసు ఆ సాయంత్రమే బండి ఆగే ఉందని మళ్లీ చూసుకుని, బిళ్లను ఇంట్లో దూరంగా బియ్యం డబ్బాలో పెట్టి వచ్చి, కింది బోల్టు బిగించి, కొత్త ఆయిలు పోశాడు. పలచగా, తేనె రంగులో దిగింది. మూత అంచు చెక్కినట్టు లేచిపోయి ఉంది. వేలు పెట్టి ఆ అంచును తడిమాడు. ఇనుమంత గట్టి ప్లాస్టిక్కే ఇట్లయితే, అనుకుని అక్కడే ఆగిపోయాడు. ధర్మవరంలో వేరే మూత దొరకక తిప్పేష్ రబ్బరు పెట్టి బిగించి ఇచ్చాడు.

మరునాడు బెంగుళూరు దాకా చెవులు రిక్కించుకునే తోలాడు. ఏమీ కాలేదు. వర్క్‌షాపులో విప్పి చూసి, తిరిగింది కొంచెంసేపే గనక లోపల ఆయిలు తడి మిగిలి ఉంటుందని, ఇంజనుకు దెబ్బ తగల్లేదని చెప్పారు. దుమ్ము రోడ్డయితే పదివేలు చూడకుండా ఐదువేలకే మార్చమని కూడా చెప్పారు. చెన్నై నుంచి ఉదయ్ కుమార్ ఫోను చేశాడు.

"ఇంజను సంగతి వదిలేయప్పా. ఆయమ్మ చెయ్యి ఎట్లుండాది?"

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. "ఉండాదన్నా," అన్నాడు.

ఎముక విరగలేదని ధర్మవరం డాక్టరు చెప్పాడు. నరం నలిగి ఉండొచ్చట. స్పర్శ మెల్లగా వస్తుందట, రాకపోనూ వచ్చట. ఆ చివరి మాట డాక్టరు గొంతు తగ్గించి చెప్పినా పుష్పావతి విన్నది. ఇంటికొచ్చాక ఆ మాట ఆమె ఎత్తలేదు. ఓబుళేసు అడగలేదు.

వాపు దిగింది. నల్లబడిన గోరు ఊడి, కింద కొత్తది గులాబి రంగులో మొలిచింది. ఆ రంగు కనబడితే అతను చూపు తిప్పుకునేవాడు. ఆమె మగ్గంలోకి దిగి సగంలో ఆగిన చీర ముందు కూర్చుంది. బయట నుంచి మగ్గం చప్పుడు వింటూ అతను అరుగు మీద కూర్చునేవాడు. చప్పుడు మునుపటిలాగే ఉంది, కానీ మధ్యమధ్య ఆగుతోంది. ఆగినప్పుడల్లా గుమ్మం దాకా పోయి తొంగి చూసేవాడు. పోగు తెగి ఉండేది. మునుపు ఆమె తెగిన పోగును చూసేది కాదు, వేళ్లకే వదిలేసి పక్కింటివాళ్లతో మాట్లాడుతూ అతికేసేది. ఇప్పుడు తల వంచి, పోగును వెలుగులోకి తెచ్చుకుని, కళ్లతో వెతుకుతోంది. ఒక్కోసారి ఎడమచెయ్యి వాడుతోంది. అతను అలికిడి కాకుండా వెనక్కి వచ్చేవాడు.

అన్న చేతిని చూసినప్పుడు ఎప్పుడూ యంత్రాన్ని తిట్టుకునేవాడు. పుష్పావతి చేతిని చూసినప్పుడు తిట్టుకోవడానికి యంత్రం లేదు. కొట్టింది తన పానా.

రోడ్డు పని ఇంకా కాలేదు. ఒకరోజు కొత్తచెరువు నుంచి వచ్చి నాగలక్ష్మమ్మను ఇంట్లో దింపి, బండితో ఊరికొచ్చాడు. ఇప్పుడు బానెట్టు ఎత్తే ముందు బటన్ నొక్కి, పలక నల్లబడిందాకా చూసి, బిళ్లను కదిరప్ప చేతికిచ్చి దూరంగా పంపుతున్నాడు. అంత చేశాక కూడా మొదట తన చెయ్యే పెట్టి, కొంచేపు ఉంచి చూస్తాడు. గేజు కడ్డీ తీశాడు. అలవాటుగా ఆముదం ఆకు తెంపాడు. చుక్క రాశాక గుర్తొచ్చింది. ఆకు పారేద్దామనుకున్నాడు. పారేస్తే ఇంక ఎప్పటికీ అడగలేనని తెలిసి లోపలికి పోయాడు.

ఆకు చాచాడు. ఆమె ఎడమచెయ్యి కాదు, కుడిచెయ్యే చాచింది. కొత్త గోరున్న వేలితో చుక్కను తీసుకుని, బొటనవేలితో రుద్ది, కళ్లు మూసుకుంది.

"లేదు," అంది.

ఓబుళేసు ఆకు తీసుకుని బయటికొచ్చి నిలబడ్డాడు. ఆయిలు కొత్తదే. గరుకు లేకపోవచ్చు. లేకపోతే గరుకు ఉండీ, ఆ వేలికే తెలియడం లేదేమో. ఈ రెంటిలో ఏదో ఎట్లా తేల్చుకోవడం? ఆమె లేదంటే ఇన్నాళ్లూ అతను నిశ్చింతగా బండి తోలాడు. ఇప్పుడు ఆ మాటను నమ్మలేకపోయాడు. అరుగు కింద, చక్రాల కింద, కాళ్ల కింద అంతా అదే ఎర్ర దుమ్ము.

వంగి చిటికెడు దుమ్ము తీసి, అరచేతిలో వేసి ఊదాడు. పైపైది ఎగిరిపోయింది, అరచేతి గీతల్లో సన్నని పొడి మిగిలింది. ఆ పొడిని గోటితో గీరి ఆకు మీది చుక్కలో కలిపాడు. తన వేళ్లతో రుద్ది చూశాడు. వాటికి ఏమీ తెలియలేదు. నున్నగా జారింది.

మళ్లీ లోపలికి పోయాడు.

"ఇంకోసారి సూడు. కడ్డీ అడుగుది ఇది."

పుష్పావతి అతని ముఖంలోకి చూసింది. వేలు ముంచి రుద్దింది. కళ్లు మూసుకుంది. మగ్గం మీద పోగులన్నీ కదలకుండా ఉన్నాయి. బయట కదిరప్ప దగ్గు వినిపించింది. ఆమె ఇంకా రుద్దుతూనే ఉంది. ఇంతసేపు మునుపెప్పుడూ పట్టలేదు. అతను గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఆమె వేలు ఆగింది. మళ్లీ కదిలింది, మెల్లగా, అటూ ఇటూ, పోగులో ముడి దగ్గర ఆడినట్టు.

కళ్లు తెరిచింది.

"ఏందిది? ఇది ఇంజన్లోది కాదు. వాకిట్లో మన్ను."

అతను ఆకు వెనక్కి తీసుకున్నాడు.

"నా వేలు సచ్చిపోయిందనుకుంటివా?" అంది. గొంతులో కోపముంది, కళ్లలో నీళ్లున్నాయి. "నేనూ అదే అనుకుని సస్తాంటి ఇన్నాళ్లూ. నువ్వడిగితే ఏం చెప్పాలో తెలీక గమ్మునుంటి. ఇంత సన్నంది ఈ పొద్దే తెలిసింది. ఇంకా పూర్తిగా రాలేదు. సగం వచ్చింది."

"సగం చాలు," అన్నాడు ఓబుళేసు.

"నీకు చాలు. నాకు చాలదు, నేసేది నేను. పో, పోయి కుంకుడు పులుసు తీస్కరా. పట్టుకు మరక తగలనిస్తే ఈసారి పానా నేను తీస్తా."

అతను ముంత తెచ్చి ఆమె చేతి మీద నీళ్లు పోశాడు. నురగ ఎర్రగా దిగింది. ఒక్కొక్క వేలూ కడుగుతూ, చూపుడువేలి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాడు.